కిటికీ అద్దమూ, ఇంటి పద్దూ

కిటికీ అద్దాలు తుడుచుకోవడంమీద కూడా ఒక వ్యాసమా అని పాఠకులు ముక్కున వేలు వేసుకోవచ్చు. కాలేజీలో పిల్లలకు ప్రబంధాలు చెప్పుకునేదాన్ని, నాకెందుకీ గొడవ అని నేనూ అనుకున్నాను. కాని పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన వాదోపవాదాల్లో సగం ఈ అద్దాల గురించే. ఆ వాదంలో నేనే గెలిచాను. గెలిచిన కొన్ని నెలలకుగాని నేను వేసిన లెక్కలో ఎంత పెద్ద పద్దు వదిలేశానో నాకు తెలిసిరాలేదు. అల్లాంటి లెక్క ఇంకొకరు వేయకుండా ఉంటారేమోనని ఇది వ్రాస్తున్నాను.

మేము గుంటూరులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇల్లు కొనే రోజున హాలు కిటికీ చూసి నేను మురిసిపోయాను. మధ్యన ఆరడుగుల వెడల్పున కదలని పెద్ద అద్దం. దానికి అటొకటి ఇటొకటి పట్టాలమీద జరిగే అద్దపు తలుపులు. ఊచలు లేవు, గ్రిల్లు లేదు. "వెలుతురు చూడండి మేడం, వెలుతురు!" అన్నాడు ఇల్లు చూపించిన పెద్దమనిషి. వెలుతురు చూశాను. ఆ మధ్య అద్దానికి బయటివైపు ఎవరు తుడుస్తారని మాత్రం అడగలేదు.

పూర్వం మన ఇళ్ళకు ఈ బెడద ఉండేది కాదు. కిటికీకి సంస్కృతంలో వాతాయనమని ఒక పేరు. గాలి వచ్చే దారి అని దాని అర్థం. ఇంగ్లీషువారి 'విండో' అనే మాట కూడా పాత నార్సు భాషలో 'గాలి కన్ను' అనే అర్థంగల మాట నుంచి వచ్చిందే. ఇటు చూసినా అటు చూసినా కిటికీ గాలికోసం పుట్టింది. అద్దం తరవాత వచ్చి చేరింది. మా తాతగారింటి కిటికీలకు నాలుగు ఇనప ఊచలూ, రెండు చెక్క తలుపులూ ఉండేవి. సంక్రాంతికి ఒకసారి తడిగుడ్డ పెట్టి తుడిస్తే మళ్ళీ ఏడాదిదాకా వాటి మొహం చూసేవారు కాదు. ఆ ఇంట్లో తుడవవలసిన అద్దమల్లా లాంతరు చిమ్నీ ఒక్కటే. వేసవిలో కరెంటు పోయే సాయంకాలాల్లో మా నాయనమ్మ జల్లెడపట్టిన పిడక బూడిద కాస్త పొడిగుడ్డమీద వేసి నా చేతికిచ్చేది. చిమ్నీలోకి నా చిన్న చెయ్యి సులువుగా దూరుతుందని ఆ పని నాది. చెయ్యి పట్టే చోటికే అద్దం తుడవాలన్న నియమం నాకు అప్పుడు తెలియకుండానే తెలుసునన్నమాట. పెద్దయ్యాక మరిచిపోయాను.

కొత్తింట్లో చేరిన మూడు నెలలకే అద్దాలమీద తెల్లని చుక్కలు తేలాయి. ఎంత తుడిచినా పోవు. తుడిచినకొద్దీ పెరుగుతున్నట్టు కూడా అనిపించింది. మావారికి ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు సరంజామా అంతా అమరాలి. బజారంతా తిరిగి ఒక జాబితా తయారుచేసుకొచ్చారు. నీలంరంగు ద్రవం, అరలీటరు సీసా, 100 రూపాయలు. రబ్బరు పట్టీ ఉన్న మంచి వైపరు 350. మైక్రోఫైబరు గుడ్డలు నాలుగు 300. సాగదీస్తే పొడుగయ్యే అల్యూమినియం కర్ర 1,200. అద్దానికి లోపలొకటి, బయటొకటి అతికించి, లోపలిదాన్ని జరిపితే బయటిదీ జరిగే అయస్కాంతాల జత 900. వెరసి 2,850 రూపాయలు. ఇదిగాక బల్లిలాగ అద్దానికి కరుచుకుని తనంతట తానే పాకుతూ తుడిచే యంత్రం కూడా ఉన్నదట. దాని ఖరీదు 18,000 అని చెప్పి, మా ఆయన నా మొహంకేసి చూశారు.

"అద్దం తుడవడానికి రెండువేల ఎనిమిదివందల ఏభయ్యా! ఇందులో సగం వస్తువులు ఇంట్లోనే చేసుకోవచ్చు" అన్నాను.

"చేసి చూపించు" అన్నారు.

పంతం పట్టాను.

ముందు ఆ తెల్ల చుక్కల సంగతి తేల్చుకోవాలి గదా. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రురాలిని అడిగాను. ఆవిడ నవ్వి, "మీరు అద్దం తుడవడం లేదు, సున్నం పూస్తున్నారు" అన్నది. మా అపార్టుమెంటులో వాడేవి బోరు నీళ్ళు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీళ్ళు అద్దంమీద ఆరితే నీరు ఆవిరై పోతుంది. లవణాలు ఎక్కడికీ పోవు, అక్కడే చుక్కగా గడ్డకడతాయి. మరునాడు మళ్ళీ అవే నీళ్ళతో తుడిస్తే మరో పొర. మేము చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. మంచినీళ్ళ ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్ళను పొదుపుగా బకెట్టులో పట్టి వాటితోనే అద్దాలు కడిగాం. ఫిల్టరు మంచినీళ్ళను ఇటు పంపి, లవణాలను అటు తోస్తుంది. అంటే ఆ వృథా నీళ్ళలో ఉప్పు మామూలు బోరు నీళ్ళకంటే ఎక్కువ. అవి బాత్‌రూము కడగడానికి పనికొస్తాయిగాని అద్దానికి పనికిరావు.

మరి ఏ నీళ్ళు పనికొస్తాయి? కారు బ్యాటరీలో పోసే నీళ్ళు కొట్టులో డబ్బాల్లో దొరుకుతాయి, వాటిలో లవణాలుండవు. అంతకంటే చవకైన దారి ఒకటి మా పడకగదిలోనే ఉంది. ఏసీ యంత్రం వెనకనుంచి చుక్కలు చుక్కలుగా కారే నీరు గాలిలోని తేమ చల్లని గొట్టాలమీద మంచులాగ పట్టి కారినదే. అది కూడా ఒక విధంగా బట్టీపట్టిన నీరే. తాగడానికి బొత్తిగా పనికిరాదు, దుమ్మూ ధూళీ ఉంటుంది. కాని గుడ్డలో వడకడితే అద్దానికి దివ్యంగా ఉంటుంది. వేసవిలో మా ఏసీ కింద పెట్టిన బకెట్టులో తెల్లవారేసరికి నాలుగైదు లీటర్లు చేరేవి.

ఇహ ద్రవం సంగతి. బజారులో అమ్మే నీలంరంగు సీసాలో అధికభాగం నీళ్ళే. అందులో జిడ్డు విడగొట్టేందుకు కాస్త సబ్బులాంటి పదార్థం, త్వరగా ఆరేందుకు కాస్త ఆల్కహాలు లాంటి ద్రావకం, కొన్నింటిలో అమోనియా, మిగతాది రంగూ వాసనా. ఇల్లాంటి ద్రవం అమెరికాలో విండెక్స్ అనే పేరుతో 1933లోనే బజారుకెక్కింది. నేను కట్టిన యోగం ఇంత సులువైనది: లీటరు ఏసీ నీళ్ళలో గిన్నెలు తోముకునే ద్రవం మూడు నాలుగు చుక్కలు. అంతే. ఎక్కువ వేస్తే నురుగు మిగిలి అద్దం మసకేస్తుంది. పాత చుక్కలకు మాత్రం వెనిగరు కావాలి. వెనిగరు సగం, నీళ్ళు సగం కలిపి, గుడ్డ ముంచి, మరకమీద పది నిమిషాలు అద్దినట్టు ఉంచితే ఆ పులుపుకు సున్నపు పొర కరిగి వస్తుంది. కుంకుడుకాయ రసం కూడా వేసి చూశాను. మురికి బాగానే వదిలింది గాని, పచ్చని పొర ఒకటి మిగిలి, దాన్ని కడగడానికి ఇంకో రెండుసార్లు నీళ్ళు పట్టాయి. తలకే మంచిది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. వెనిగరును బ్లీచింగుతో ఎన్నడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి తిత్తులకు ముప్పు తెస్తుంది. రెండోది, కిటికీ గట్టు కడపరాయిదో, పాలరాయిదో అయితే వెనిగరు దానిమీద పడనీయకూడదు. ఆ రెండూ సున్నపుజాతి రాళ్ళే. మరకను తినే పులుపు గట్టును కూడా తింటుంది. మా కిటికీ గట్టుమీద నా ప్రయోగాల గుర్తులు రెండు ఇప్పటికీ ఉన్నాయి.

తుడిచే పరికరం కూడా నేనే చేశాను. కారు మెకానిక్కు పారేసిన పాత వైపరు రబ్బరు అడిగి తెచ్చి, విరిగిన తడిగుడ్డ కర్రకు మేకులతో కొట్టించాను. అది అద్దంమీద మూడు గీతలు వదిలేది. ఎందుకు వదులుతుందో తరవాత తెలిసింది. రబ్బరు పట్టీ అద్దాన్ని రుద్దదు. దాని పదునైన అంచు నీటిని, నీటితోపాటు మురికిని ఒక్క ఊపున కిందికి లాగేస్తుంది. అంచు అరిగి గుండ్రమైతే నీరు దానికింద నుంచి తప్పించుకుంటుంది. అంచు అరిగిందనే కదా కారువాడు దాన్ని పారేసింది! పూర్వం అమెరికాలో అద్దాలు తుడిచేవాళ్ళ పనిముట్టు బరువైన ఉక్కుతో, రెండు రబ్బరు పట్టీలతో ఉండేదట. రబ్బరు మార్చాలంటే పన్నెండు మరలు విప్పాలి. ఇటలీ నుంచి వలసపోయి కాలిఫోర్నియాలోని ఓక్లండులో అద్దాలు తుడుస్తూ బతికిన ఎత్తోరె స్టెకోనె అనే ఆయన ఆ అవస్థ పడలేక, తేలికైన ఇత్తడి పిడికి ఒకే ఒక సన్నని రబ్బరు పట్టీ అమర్చి 1936లో పేటెంటు తీసుకున్నాడు. నేటికీ వాడుతున్నది ఆ మాదిరే. తన చేత్తో అద్దం తుడిచినవాడే మంచి పనిముట్టు చేశాడన్నది నేను అప్పుడే గమనించవలసిన సంగతి.

గీతల్ని పాత వార్తాపత్రికతో రుద్ది పోగొట్టాను. కాగితం నీరు బాగా పీలుస్తుంది, గుడ్డలాగ నూగు వదలదు. ఇంతకూ నా ఖర్చు: వెనిగరు 50, మేకులూ కూలీ 10, సబ్బు ద్రవం మహా అయితే 4 రూపాయలు. మొత్తం 64. సీసా పాతది, నీళ్ళు ఏసీవి, కాగితాలు మొన్నటివి.

రెండు పక్కల తలుపులూ పట్టాలనుంచి పైకెత్తితే ఊడి వస్తాయి. వాటిని ఇద్దరు పట్టుకుని హాల్లో దించి రెండువైపులా నేనే తుడిచాను. మధ్య అద్దం లోపలివైపూ నేనే. ఆ తరవాత కాలేజీలో పరీక్షల హడావుడి మొదలైంది. మా ఇంట్లో పనిచేసే ఆమెకు సీసా, కర్ర, కాగితాలు అప్పగించి, "లోపలా బయటా తుడువు. అద్దం ఉన్నట్టు తెలియకూడదు సుమా" అని చెప్పాను.

నిజంగానే తెలియకుండా పోయింది. ఒకరోజు పిచ్చుక ఒకటి వచ్చి అద్దానికి కొట్టుకున్నది కూడా. సాయంకాలం ఎండ వాలుగా పడ్డా ఒక్క చుక్క కనిపించేది కాదు. మావారు ఓటమి ఒప్పుకున్నారు. పొరుగింటావిడను పిలిచి చూపించాను. కాలేజీలో మా గదిలో ఆరుగురికి నా యోగం కాగితంమీద వ్రాసి ఇచ్చాను. "2,850 ఎక్కడ, 64 ఎక్కడ!" అని చెప్పని రోజు లేదు. నాలుగు నెలలు ఈ వైభవం సాగింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష డ్యూటీ లేదంటే పెందలాడే ఇంటికి వచ్చాను. గేటు దగ్గర ఆటో దిగి, చిల్లర తీసుకుంటూ యథాలాపంగా పైకి చూశాను.

మా కిటికీ బయట మనిషి నిలబడి ఉంది.

రెండో అంతస్తు కిటికీమీది సన్‌షేడ్ మా కిటికీ కిందుగా వస్తుంది. రెండడుగుల వెడల్పు ఉంటుందేమో. దానిమీద ఆమె ఉత్తకాళ్ళతో నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుంది. ఎడమచేత్తో కిటికీ చట్రాన్ని పట్టుకుని, కుడిచేత్తో కాగితం ఉండచుట్టి అద్దాన్ని రుద్దుతున్నది. నడుముకు కట్టుకున్న కొంగులో నా సీసా వేలాడుతున్నది. పక్కనున్న మా బాల్కనీ పిట్టగోడ దాటి దిగిందన్నమాట.

కేక వేయబోయి ఆగాను. కేకకు ఉలిక్కిపడితే? వాచ్‌మన్ నా చూపు పోయిన వైపు చూసి, "ఆమె ఎప్పుడూ అల్లాగే తుడుస్తుందమ్మా" అన్నాడు తేలిగ్గా. ఎప్పుడూ! ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగి బాల్కనీలోకి దిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. రెండు నిమిషాలై ఉంటుంది. ఆటోవాడు చిల్లర నా చేతిలో పెట్టి వెళ్ళిన సంగతి కూడా నాకు గుర్తులేదు.

పైకి వెళ్ళేసరికి ఆమె చేతులు కడుక్కుంటున్నది.

"ఎప్పటినుంచి ఇల్లా చేస్తున్నావు?" అన్నాను.

"మొదట్నుంచీ అంతేకదమ్మా. లోపల్నుంచి మధ్యకి చెయ్యి అందదు. ఆ కర్రా అందదు."

"నాతో చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా అమ్మా. అద్దం బావుందన్నారు" అని నవ్వింది.

"పడితే?"

"పట్టుకునే ఉంటానుగా. సబ్బునీళ్ళు చేతికి తగిలినప్పుడే కాస్త జారినట్టుంటది."

ఆ సబ్బునీళ్ళు నేను కలిపినవి. ఆ కర్ర నేను చేయించింది. అద్దం ఉన్నట్టు తెలియకూడదని చెప్పిందీ నేనే. ఆమె పెద్దకూతురు ఈ ఏడు పదో తరగతి. ఆ పిల్లకు నెలకొకసారి తెలుగు పద్యాలకు అర్థాలు చెప్పి, ఆ ఇంటికి నేనేదో ఉపకారం చేస్తున్నానని కూడా అనుకునేదాన్ని.

ఆ రాత్రి నా 64 రూపాయల లెక్క మళ్ళీ వేసుకున్నాను. 1,200 పెట్టి పొడుగు కర్ర కొనకుండా మిగుల్చుకున్నాననుకున్నది మిగులు కాదు. ఆ కర్ర పొడుగు తక్కువైనంత మేర ఆమె తన ఒంటితో పూడ్చింది. అందరికీ చూపించి మురిసిపోయిన ఆ తళతళ వెనిగరుది కాదు. అద్దానికి ఆవలివైపు, మూడో అంతస్తు ఎత్తున, రెండడుగుల సిమెంటు పలకమీద నిలబడిన మనిషిది.

మరునాడు కాలేజీలో, నా యోగం తీసుకున్న ఆరుగురినీ ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను: "మీ ఇంట్లో కిటికీల బయటివైపు ఎవరు తుడుస్తున్నారండీ?" ఇద్దరివి నేలమట్టం ఇళ్ళు, బయట నిలబడి తుడుచుకోవచ్చు. ఒకరికి లోపలికి తెరుచుకునే పాతకాలపు తలుపులు. ఒకరు తానే తుడుస్తానన్నారు. మిగిలిన ఇద్దరూ కాసేపు ఆలోచించి, "పనమ్మాయే చేస్తుంది... ఎల్లా చేస్తుందో చూడలేదే" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నమే ఇద్దరూ ఇళ్ళకు ఫోన్లు చేశారు.

మా బస్సు వెళ్ళే దారిలో కొత్తగా కట్టిన అద్దాల భవనం ఒకటి ఉంది. తాళ్ళకు వేలాడుతూ మనుషులు దాన్ని కడుగుతుంటారు. ఒకనాడు బస్సు దిగి, కింద నిలబడి పని చేయిస్తున్న మేస్త్రీని పలకరించాను. ఒక్కొక్క మనిషికి రెండేసి తాళ్ళున్నాయి. రెండింటినీ పైన వేరువేరు చోట్ల కట్టారు. ఎందుకని అడిగితే, "ఒక తాడు పని చెయ్యడానికమ్మా, రెండోది ఇంటికి తిరిగెళ్ళడానికి" అన్నాడు. ఒంటికి భుజాలూ తొడలూ చుట్టి వచ్చే పట్టీ ఉంటుంది; ఉత్త నడుంపట్టీ చాలదు. ఈ పట్టీలకు మన దేశంలో ఐ.ఎస్. 3521 అని ఒక ప్రమాణం ఉంది. ఆ గుర్తు చూసి కొనాలట. కింద తాడు కట్టి జనాన్ని ఆ చోటుకు రానివ్వరు. గాలి ఎక్కువైతే పని ఆపేస్తారు.

"మా ఇంటికి కూడా అల్లాంటి పట్టీ ఒకటి కొంటే సరిపోతుందా?" అని అడిగాను.

"పట్టీ కొంటారు సరే, దేనికి కడతారమ్మా? కిటికీ చట్రానికా, మంచం కోడుకా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పడుతున్న మనిషిని తాడు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే కుదుపు మనిషి బరువుకు ఎన్నో రెట్లుంటుంది. అల్యూమినియం చట్రం దాన్ని ఓర్చదు. గట్టి ఆధారం లేని పట్టీ మెడలో వేసుకున్న తాయెత్తులాంటిది. లేని ధైర్యం ఇస్తుంది. అంచేత పట్టీ కొనే ఆలోచన అక్కడే మానుకున్నాను. ఎవరూ బయటికి వెళ్ళకూడదు. అద్దాన్ని లోపలినుంచే తుడవాలి. లోపలినుంచి అందనిది అందనట్టే.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి చెబుతాను. ద్రవం నాదే: అదే ఏసీ నీళ్ళు, అవే నాలుగు చుక్కలు. అందులో మార్పేమీ లేదు. నీలంరంగు సీసా కొననవసరం లేదని ఇప్పటికీ వాదిస్తాను. మైక్రోఫైబరు గుడ్డల బదులు మా నాన్నగారి పాత నూలు పంచె ముక్కలు చాలు; నాలుగైదుసార్లు ఉతికినవైతే నూగు రాదు. రబ్బరు వైపరు మాత్రం 350 పెట్టి కొన్నాం. అంచు అరిగితే రబ్బరు తిప్పి వేసుకోవచ్చు, రెండువైపులా అరిగాక కొత్త రబ్బరు మార్చుకోవచ్చు. దీన్ని ఇంట్లో చేయబోయి ఎవరూ నాలాగ అవస్థపడవద్దు.

కర్ర మళ్ళీ మేమే చేశాం గాని, ఈసారి అద్దాన్ని కొలిచి చేశాం. నీళ్ళ గొట్టాలమ్మే కొట్లో ముప్పాతిక అంగుళం ప్లాస్టిక్ గొట్టం, ఏటవాలు మలుపు ముక్క ఒకటి, జిగురుతో సహా 120 రూపాయలు. పక్కతలుపు ఓ జానెడు తెరిచి, ఈ వంకర కర్రను బయటికి పోనిచ్చి, మధ్య అద్దంమీద వైపరును మనవైపు లాగవచ్చు. ముందు కర్రకు తడిగుడ్డ చుట్టి ఒకసారి, తరవాత వైపరు బిగించి ఒకసారి. నడుము గట్టుకు లోపలే ఉండాలి, మోచేయివరకే బయటికి. కర్రకు ఒక తాడు కట్టి దాని రెండో కొసను లోపల తలుపు గడియకు కట్టాను. చేయి జారినా కింద నడిచేవాళ్ళ నెత్తిన పడదు. ఈ పని మావారూ నేనూ చేస్తున్నాం. అయస్కాంతాల జత కూడా మా ఆయన తెచ్చి చూశారు. అది పనిచేయాలంటే అద్దం మందానికి తగిన బలం ఉన్నది కొనాలి. మాది మందపు అద్దం కావడంవల్ల బయటి ముక్క పట్టు వదిలి, కట్టిన దారానికి వేలాడింది. తిరిగి ఇచ్చేశారు.

కొత్త లెక్క ఇది: ద్రవానికి 54, వైపరుకు 350, గొట్టానికి 120. మొత్తం 524 రూపాయలు. మావారి 2,850కీ, నా 64కీ మధ్యన. చేసుకోగలిగింది చేసుకున్నాం, చేసుకోలేనిది కొన్నాం.

ఇల్లు కట్టుకోబోయేవారికి ఒక మాట. మేడమీద కదలని అద్దం పెట్టించకండి. లోపలికి తెరుచుకునేవో, పట్టాలనుంచి లోపలికి ఊడదీసుకోగలిగేవో పెట్టించండి. వెలుతురు చూపించేవాణ్ణి, తుడిచే దారి కూడా చూపించమని అడగండి. అద్దం వెల ఆ రోజు ఇచ్చినదానితో తీరదు. తుడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు.

మా అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తాను. పన్నెండు ఇళ్ళకూ ఇదే కిటికీ. ఏడాదికి ఒకసారి, సంక్రాంతి ముందు, తాళ్ళూ పట్టీలూ ఉన్న మనుషులనే పిలిపించాలని, ఇంటికి 600 చొప్పున వేసుకోవాలని తీర్మానించారు. ఇంట్లో పనిచేసేవాళ్ళెవరినీ సన్‌షేడ్ మీదికి దింపకూడదని కూడా పుస్తకంలో వ్రాశారు. ఒకాయన మాత్రం, "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదండీ" అన్నారు. ఏమీ కాకపోవడం మన లెక్కలో గొప్ప కాదండీ అని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు.

మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఇది మొదట నచ్చలేదు. పని తీసేస్తానేమోనని భయపడింది. జీతంలో మార్పేమీ లేదని, ఆ అద్దం మాత్రం తన పని కాదని చెప్పాక ఊరుకుంది. అయినా హాలు ఊడ్చేటప్పుడు అప్పుడప్పుడు తలెత్తి చూసి, "మధ్యలో అల్లా ఉండిపోయిందేంటమ్మా, చూడ్డానికి బాలేదు" అంటుంది.

అవును, ఉండిపోయింది. మా వంకర కర్రకు కూడా అందని చోటు ఒకటి, అద్దానికి పైభాగాన, నడిమధ్యన, అరచేయంత ఉంది. సాయంకాలం ఎండ వాలుగా పడితే అక్కడ దుమ్ము పచ్చగా మెరుస్తుంది. వచ్చిన చుట్టాలు, "ఇంత బాగా తుడిచారు, ఆ కాస్తా వదిలేశారేం?" అని అడుగుతారు.

సంక్రాంతిదాకా అది అల్లాగే ఉంటుందని చెబుతాను.